ఎర్రగా వెలిగిన ఆడ ఈగ

కొండరేవు ఈగల కొట్టం. పరీక్ష బల్ల దగ్గర రాస్తున్నది తవిటమ్మ.

శ్రావణం, రెండో వారం

వాన తెరిపి ఇచ్చాక ఉచ్చు బుట్టలు దించుకొచ్చాను. రేవు బుట్ట, పాత టవరు బుట్ట, చింతలోయ బుట్ట. ఎరగా పెట్టిన మేక కార్జం కంపు ఎంత కడిగినా నా చేతుల్ని వదలదు. అందుకే ఇంట్లో ఎవరూ నన్ను వంట చేయమని అడగరు.

తెల్ల పళ్ళెంలో ఈగల్ని బోర్లా పరిచి భూతద్దం కింద వేరుచేశాను. వీపు మీద నాలుగు గీతలుంటే ఇంటి ఈగ. మూడు గీతలుండి పొట్ట మీద బూడిదరంగు గళ్ళుంటే గళ్ళ ఈగ. నీలిపచ్చగా మెరుస్తూ వీపు మీద గీతలు లేకపోతే పీనుగల మీద వాలే పచ్చీగ. వీటితో మాకు పెద్ద బెడద లేదు. నీలిపచ్చ ఒంటి మీద మూడు గీతలుండి, మధ్య గీత పక్కవాటికంటే పొట్టిగా ఉంటే మాత్రం అది పుండీగ. చిన్న గీరుడు దొరికినా చాలు, దాని అంచున గుడ్లు పెడుతుంది. పురుగులు బతికున్న మాంసాన్ని తింటూ లోపలికి దిగిపోతాయి.

పుండీగల్ని మళ్ళీ ఆడా మగా చూడాలి. మగదాని కళ్ళు రెండూ నడినెత్తిన దాదాపు కలిసిపోతాయి. ఆడదాని కళ్ళ మధ్య సందు ఉంటుంది. చివరగా నీలి దీపం. మా కొట్టంలో పెంచి వదిలే ఈగల పొట్ట ఆ దీపం కింద నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. అడవి ఈగ చీకటిగా ఉండిపోతుంది. మేం వదిలేవన్నీ మగవే. ఈ వంశంలో ఆడ పురుగు ఈగ కాకముందే చచ్చిపోతుంది. విత్తనానికి కొన్ని ఆడవి కావాలి కాబట్టి, దక్షిణం పడవ మీద వచ్చే పొట్లం మందును పెంపకం గదిలో మేతకు కలుపుతాం. ఆ మందు తిన్న ఆడవి బతుకుతాయి. బయట వాటికి అది దొరకదు. మా మగవి అడవి ఆడవాటితో కలుస్తాయి, పుట్టిన కూతుళ్ళు చస్తాయి, కొడుకులు ఇదే గుణాన్ని ముందుకు మోస్తాయి. ఏటికేడు పుండీగ తగ్గుతోంది. నా చిన్నప్పుడు గేదెకు ముల్లు దిగితే ఇంటిల్లిపాదీ కంగారుపడేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ భయం తెలియదు.

ఇవాళ చింతలోయ బుట్టలో ఒక పుండీగ ఉంది. కళ్ళ మధ్య సందు స్పష్టంగా కనిపించింది. ఆడది. అలవాటు కొద్దీ దీపం కింద పెట్టాను.

ఎర్రగా వెలిగింది.

పక్కనున్న మగదాని ముక్కేదైనా అంటుకుందేమోనని సారాలో కడిగాను. మళ్ళీ వెలిగింది. కొట్టం పెద్ద సన్యాసినాయుడిని పిలిచాను. ఆయన భూతద్దంలోంచి చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశాడు.

"పెంపకం గదిలోంచి తప్పించుకున్నాదేమో తవిటమ్మా. వల ఎక్కడో చిరిగుంటాది. నాను సూస్తాను" అన్నాడు.

అదే అయి ఉంటుందని నేనూ అనుకున్నాను.

శ్రావణం, చివరి వారం

వలలు ఎక్కడా చిరగలేదు. నాయుడు మోకాళ్ళ మీద పాకుతూ మూలమూలా తడిమి చూశాడట.

వెలిగే ఆడవి ఈ వారం మరికొన్ని పడ్డాయి. అన్నీ చింతలోయ బుట్టలోనే. కొట్టం గోడకు వేలాడే బుట్టలో ఒక్కటి కూడా లేదు. ఇక్కడి నుంచి తప్పించుకున్నవైతే ముందు ఈ గోడ బుట్టలోనే పడాలి. అవి లోయలోనే పుడుతున్నాయి.

లోయలో మేకల్ని కాసేది గంగులు. అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అంటాడు. పాత రోడ్డు సముద్రంలోకి దిగిపోయే చోట అతని దొడ్డి ఉంది. నేను వెళ్ళేసరికి ఒక మేక మెడను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"సూడప్పా, పురుగు పట్టీసినాది. ఎన్నేళ్ళయినాది ఇలాటిది సూసి!" అన్నాడు.

చెవి కింద అరచేయంత పుండు. లోపల పురుగులు తలకిందులుగా గుచ్చుకుని కదులుతున్నాయి. పుండు చుట్టూ పసుపు పొడి చల్లి ఉంది. మా గౌరమ్మ వదిన తయారుచేసే పొడి అది. చనిపోయిన మా అన్నయ్య భార్య ఆమె. ఈ ఊరికి వైద్యురాలు కూడా. కొండ మట్టిలోని బూజును కుండల్లో పెంచి దాంతో ఆ పొడి చేస్తుంది. పుండు చీము పట్టకుండా ఆపుతుంది. పురుగును మాత్రం చంపదు.

ఆ మేక పుండు నుంచి కొన్ని పురుగుల్ని పట్కారుతో తీసి సీసాలో వేసుకున్నాను. దొడ్డి చివర ఇంకో మేకకు తొడ మీద పుండు ఉంది. దానికి ఇంకా మందు రాయలేదన్నాడు. అందులోవి వేరే సీసాలో వేశాను.

గంగులు లేచి నడుస్తుంటే ఒక కాలు ఈడుస్తున్నాడు. ఏమైందని అడిగాను.

"నీళ్ళల్లో పాత కంచె తీగ గుచ్చుకున్నాదప్పా. ఒదినమ్మ పొడి కట్టినాను. తగ్గిపోతాది" అన్నాడు.

భాద్రపదం, మొదటి వారం

రెండు సీసాల్లోని పురుగులూ గూళ్ళు కట్టుకుని, ఈగలై బయటికి వచ్చాయి.

మందు రాయని మేక సీసాలో అన్నీ మగవే. అన్నీ వెలిగాయి. అలాగే ఉండాలి.

పసుపు పొడి చల్లిన మేక సీసాలో దాదాపు సగం ఆడవి. అవీ వెలిగాయి.

ఒకే దొడ్డి, ఒకే లోయ. ఏం తేడా ఉందో తెలియక సీసాల్ని అటూ ఇటూ తిప్పాను. దీపం ఆర్పడం మరిచిపోయాను. రెండో సీసా అడుగున ఎండిపోయిన మాంసపు తునక మీద పొడి మరక పచ్చపచ్చగా వెలుగుతోంది. ఆ వెలుగును నేను రోజూ చూస్తాను. పెంపకం గదిలో పొట్లం మందు కలిపిన మేత ఈ దీపం కింద సరిగ్గా ఇలాగే ఉంటుంది.



చిటికెడు పొట్లం మందు కాగితంలో చుట్టుకుని వదిన ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కూతురు నీలవేణి కాళ్ళకు నూనె రాస్తోంది. నీలవేణికి ఆరు నెలలు నిండాయి, కాళ్ళు వాచాయి.

"ఏటే తవిటీ, మొకం అలాగున్నాది?" అంది వదిన.

లోపలికి తీసుకెళ్ళి కిటికీకి దుప్పటి కట్టాను. ఒక పళ్ళెంలో నా పొట్లం మందు, ఒక పళ్ళెంలో ఆమె పసుపు పొడి పెట్టి దీపం పట్టాను. రెండింటికీ తేడా లేదు. సీసాల సంగతి అప్పుడు చెప్పాను.

వదిన రెండు పళ్ళేల్నీ మళ్ళీ దీపం కిందికి జరిపి చూసింది.

"ఎలుగు ఒక్కలాగ ఉన్నంత మాత్రాన మందు ఒక్కటే అయిపోదు. పరీచ్చ సేద్దుం. మాంసంలో ఉత్తిది ఒకటి, నీ మందు కలిపినది ఒకటి, నా పొడి కలిపినది ఒకటి. ముందే ఏటీ అనుకోకు" అంది.

"నేనేమీ అనుకోవడం లేదొదినా."

"అనుకుంటన్నావు. నీ మొకం సెప్తన్నాది."

భాద్రపదం, చివరి వారం

రెండో సీసాలో పుట్టిన ఆడవి పెట్టిన గుడ్లను మూడు మాంసాల్లోనూ వేశాం. ఉత్త మాంసంలో మగవే వచ్చాయి. మిగతా రెండింట్లోనూ ఆడవీ మగవీ కలిసి వచ్చాయి.

వదిన తనే భూతద్దం తీసుకుంది. ప్రతి ఈగ తలా తిప్పి, కళ్ళ మధ్య సందు చూసి, పక్కన పెట్టింది. అన్నీ చూశాక భూతద్దాన్ని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

"నా సేతుల్తో నానే మేపినానా వీటిని?" అంది.

"ఇద్దరం మేపాం ఒదినా. ఈగ మాది, మందు నీది. పొట్లం మీద మందు పేరు రాసి లేదు, వట్టి గుర్తులే ఉన్నాయి. నీకెలా తెలుస్తుంది?"

"తెలకపోడం వల్ల పుండు మానిపోతాదేటే?"

సాయంత్రం ఊరి పెద్దల్ని పాత బడి అరుగు మీద కూర్చోబెట్టాం. నాయుడు విషయం చెప్పాడు. గాయం మీద పొడి చల్లితే ఆ గాయంలో ఆడ ఈగలు బతుకుతున్నాయి. వాటి వల్ల పుండ్లు పెరుగుతున్నాయి. పుండ్లు పెరిగితే జనం ఇంకా పొడి చల్లుతున్నారు.

"అయితే పొడి ఆపీండి" అన్నారు ఎవరో వెనక నుంచి.

వదిన లేచి నిలబడింది.

"పొడి రాకముందు ఈ ఊళ్ళో పురిటి జొరంతో ఎంతమంది పోనారో మీకు గుర్తుందా? ఆ పొడి ఒచ్చినాక ఒక్క బాలింత పోలేదు. నా కూతురు కడుపుతో ఉన్నాది. ఆపీమంటే ఆపీడానికి నాకు సెయ్యాడదు" అంది.

 చివరికి నాయుడే దారి చెప్పాడు. ఆసుపత్రి పక్క గదికి రెండు పొరల వల కట్టాలి. దెబ్బ తగిలినవాళ్ళూ బాలింతలూ అందులోనే ఉండాలి. పొడి ఆ వల లోపలే వాడాలి. మేకలకూ గేదెలకూ వేప నూనె, పొగ తప్ప ఇంకేమీ వద్దు. ఇళ్ళల్లో ఉన్న పొడి అంతా తెచ్చి ఇచ్చేయాలి.

"మరి ఈగల్ని వదలడం?" అని అడిగాను.

"అది ఆపితే అడివి ఈగ మల్లీ పుంజుకుంటాది. మన మగోటిని ఒదుల్తూనే ఉండాలి. పొడి తీసీస్తే మన వంశం మల్లీ దారిలోకి ఒచ్చీస్తాది" అన్నాడు నాయుడు.

నాకూ అదే సబబనిపించింది. అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను.

ఆశ్వయుజం

ఊరివాళ్ళు పొడి తెచ్చి ఇచ్చారు. లోయ వైపు వాళ్ళు కొందరు ఇవ్వలేదు.

చింతలోయ బుట్టలో వెలిగే ఆడవి తగ్గకపోవడంతో నీలి దీపం పట్టుకుని గంగులు దొడ్డికి వెళ్ళాను. పాకలో చీకటిగా ఉంది. దీపం వేయగానే మేకల ఒంటి మీద పుండ్లన్నీ పచ్చపచ్చగా వెలిగాయి. పాకంతా మచ్చలు మచ్చలుగా వెలుతురు.

గంగులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తిట్టకప్పా. నొప్పికి అవి రాత్రల్లా అరుస్తంటే సూస్తూ కూకోమంటావా? నూనె రాస్తే తన్నుతన్నాయి. పొడి రాస్తే ఊరుకుంటన్నాయి."

"ఆ పొడితోనే రేపటి ఈగను పెంచుతున్నావు గంగులూ."

"రేపటిది రేపు సూద్దుం. ఇయ్యేల నా మేక బతకాల."

దీపం దించుతుంటే ముక్కుకు కంపు తగిలింది. నాకు అలవాటైన కంపే. కానీ అది మేకల వైపు నుంచి రాలేదు. గంగులు కాలికి కట్టిన గుడ్డ వైపు చూశాను. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు.

"విప్పు" అన్నాను.

"ఒద్దప్పా."

"విప్పు తమ్ముడా. నేనే కదా."

విప్పాడు. మడమ లేదు. ఉండాల్సిన చోట పురుగులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

మోసుకుని వల గదికి తెచ్చాం. వదిన ఒక్కో పురుగునే తీసింది. లోపల ఎముక దాకా పాకినవి చూసి పట్కారు కింద పెట్టింది. చీలమండ పైన కోయక తప్పలేదు. గంగులు నోట్లో గుడ్డ కుక్కుకుని నా చేయి పట్టుకున్నాడు. నా వేళ్ళు ఇప్పటికీ కమిలి ఉన్నాయి, కలం సరిగ్గా ఆడటం లేదు.

మెలకువ వచ్చాక మొదట అన్న మాట ఇది:

"అప్పా, గడ్డివాములో డబ్బా ఒకటున్నాది. తెచ్చీసి ఒదినమ్మకి ఇచ్చీ. నా పక్కింటోల్లకీ సెప్పు, నా కాలు సూపించి మరీ సెప్పు."

చెప్పాను. రెండు రోజుల్లో లోయ వైపు నుంచి పొడి డబ్బాలన్నీ వచ్చేశాయి.

కార్తీకం

చలి మొదలైంది. బుట్టల్లో పుండీగలు తగ్గాయి. వెలిగే ఆడవి మొదట అరకొరగా, తర్వాత అసలే పడలేదు. నాయుడు నా బల్ల దగ్గరికి వచ్చి, ఖాళీ పళ్ళెం చూసి నవ్వాడు. ఈ మధ్య ఆయన నవ్వడం నేను చూడలేదు.

గంగులుకు వడ్రంగి కర్ర కాలు చేస్తున్నాడు. మేకల పేర్లు వరసగా చెప్పి, ఏది ఎలా ఉందో అడుగుతుంటాడు.

మార్గశిరం, మొదటి వారం

నీలవేణి ప్రసవించింది. ఆడపిల్ల. నల్లగా, జుట్టు దట్టంగా, మా అన్నయ్య నుదురుతో.

వల గదిలోనే పురుడు. బొడ్డు మీద వదిన పసుపు పొడి వేసి పలచటి గుడ్డ కప్పింది. మేం వంతులవారీగా పక్కన కూర్చుని కాపలా కాస్తున్నాం. ఇవాళ మధ్యాహ్నం నా వంతు. నీలవేణి నిద్రపోతోంది. బిడ్డ కప్పుకున్న గుడ్డ కాస్త జారింది. సర్దబోతుంటే గుడ్డ మీది నుంచి ఏదో ఎగిరింది.

వల లోపల ఈగ.

కేక వేయలేదు. గాజు లోటా తీసుకుని వల గోడ మీద వాలినప్పుడు మూశాను. వదిన పరిగెత్తుకొచ్చింది. నీలవేణి లేచి, నా మొహం చూసి, బిడ్డను గుండెకు హత్తుకుంది.

"అత్తా, ఏ ఈగ?"

లోటాను వెలుతురులోకి పట్టుకుని భూతద్దం ఆనించాను. నాలుగు గీతలు ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. మూడే ఉన్నాయి. మధ్యది పొట్టిది. కళ్ళ మధ్య సందు ఉంది.

"అత్తా!"

"ఉండమ్మా. ఉండు."

ఇక తెలియాల్సింది ఒకటే. ఇది గుడ్లు పెట్టేసిందా, ఇంకా పెట్టలేదా? వదిన బొడ్డు దగ్గర గుడ్డ తీసి, చర్మం ముడత ముడతా వెతుకుతోంది.  తడిగా ఉన్న ఆ బొడ్డులో గుడ్లు లోతుగా ఉంటే కంటికి ఆనవు. నేను ఈగ అడుగు భాగం కనిపించేలా లోటాను ఎత్తాను. గుడ్లు పెట్టేసిన ఆడదాని పొట్ట కుంచించుకుపోయి, పలకలు ఒకదాని మీదికి ఒకటి చేరతాయి. దీని పొట్ట ఉబ్బి ఉంది. పలకలు దూరం జరిగి, వాటి మధ్య పల్చటి చర్మం లోంచి తెల్లటి గుడ్లు వరసలు కట్టి కనిపిస్తున్నాయి. నిండుగా ఉంది.

"పెట్టలేదు. ఒదినా, ఇది ఇంకా పెట్టలేదు" అన్నాను.

వదిన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. నీలవేణి కూడా ఏడ్చింది. బిడ్డ మాత్రం ఆవలించింది.

ఆ తర్వాత లోటాను నీలి దీపం కింద పెట్టాను. ఈగ ఎర్రగా వెలిగింది.

వల కింది కుట్టు ఒకచోట ఊడి ఉంది. దాన్ని కుట్టేశాం. అప్పుడు వదిన కళ్ళు తుడుచుకుని అడిగింది.

"బయట ఎక్కడా పొడి లేదు కదే. మరి ఇది ఎక్కడ పుట్టినాది?"

మార్గశిరం, చివరి వారం

ఆ ఈగను చంపలేదు. సీసాలో గోరువెచ్చటి శుభ్రమైన మాంసం పెట్టి అందులోకి వదిలాను. గుడ్లు పెట్టింది. పొడి గానీ పొట్లం మందు గానీ ఆ సీసా దరిదాపులకు కూడా రానివ్వలేదు. మాంసాన్ని దీపం కింద పెట్టి చూశాకే వాడాను.

ఇవాళ ఈగలు బయటికి వచ్చాయి. సగం మగవి. సగం ఆడవి.

పళ్ళెం నాయుడి ముందు పెట్టాను. ఆయన ఒక్కో తలనూ సూది మొనతో తిప్పి చూశాడు.

"మందు లేకుండా?" అన్నాడు.

"మందు లేకుండానే బాబూ. పొడి తిని బతికినవాటిలో ఏదో ఒకదానికి మందు లేకుండానే బతికే గుణం వచ్చేసింది. దాని పిల్లలు ఇవి."

"మన గదిలోవి కూడా అలాగయ్యుంటాయా?"

"చూశాను. మొన్న మేతలో మందు కలపకుండా ఒక తట్ట వేరుగా పెంచాను. వాటిలోనూ ఆడవి వచ్చాయి. ఎప్పటి నుంచో తెలియదు. మేతలో రోజూ మందు కలుపుతుంటే తెలిసే దారే లేదు."

నాయుడు పెంపకం గదిలోకి వెళ్ళాడు. ఆయన తండ్రి కట్టిన గది అది. తట్టలన్నీ మూసి, తలుపు బిగించి, ఆవిరి గొట్టాన్ని తనే లోపలికి తిప్పాడు. గోడకు చెవి పెట్టి, లోపలి రొద ఆగేదాకా నిలబడ్డాడు. నన్ను దగ్గరికి రావద్దన్నాడు.

పుష్యం, మొదటి వారం

ఈగల్ని వదలడం ఆపాక మొదటిసారి బుట్టలన్నీ దించాను. రేవు, టవరు, లోయ, కొట్టం గోడ. చలికాలంలో ఇన్ని పుండీగలు నేనెన్నడూ చూడలేదు. అన్నింటినీ పళ్ళెంలో పరిచి దీపం వేశాను.

పళ్ళెం అంతా ఎర్రగా వెలిగింది. చీకటిగా మిగిలిన ఈగ కోసం సూదితో వెతికాను. ఒక్కటి కూడా లేదు. అడవి పుండీగ ఈ కొండల్లో అంతరించిపోయింది. మేం కోరుకున్నదీ అదే. దాని చోట ఇప్పుడు తిరుగుతున్నది మా ఈగ.

దక్షిణం పడవ వచ్చే వేళయింది. ఉప్పు, గుడ్డలు, పొట్లం మందు తెస్తుంది; మా మేకల్నీ కొట్టం ఈగల్నీ మిగతా కొండ ఊళ్ళకు తీసుకెళుతుంది. పెద్దలు అరుగు మీద కూర్చున్నారు గానీ వాదన పెద్దగా జరగలేదు. గంగులు కర్ర కాలు మీద నిలబడి, "మన ఈగ ఇంకో ఊరికి ఎల్లకూడదు. నా మేకలు ఇక్కడే సస్తే సావనీండి" అన్నాడు. వదిన తల ఊపింది.

నాయుడు పాత టవరు ఎక్కి నల్ల దుప్పటి కట్టాడు. ఈ రేవుకు రావద్దని దానర్థం. పడవ, అది కనిపించేంత దూరంలోకి వచ్చి ఆగింది. పడవ మీది మనిషి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచాడు. గాలికి వినబడలేదు. నాయుడు దుప్పటిని ఇంకా పైకి లాగాడు.

నీలవేణి వల కప్పిన బిడ్డను ఎత్తుకుని నా పక్కన నిలబడింది.

"మల్లీ ఎప్పుడొస్తాదత్తా?"

నాకు తెలియదని చెప్పాను. పడవ కాసేపు అలల మీద ఊగి, మెల్లగా వెనక్కి తిరిగింది.